పాత ఫోటోలు ఎవరి అమానతు?

ఇంటి పెద్ద కన్నుమూసిన తర్వాత వారసులు పొలం గురించి కూర్చుంటారు, ఇంటి గురించి కూర్చుంటారు, బంగారం తూకం వేయిస్తారు. రాగి బిందెలు, ఇత్తడి పాన్‌దాన్ కూడా ఎవరో ఒకరి వాటాకు వెళ్తాయి. ట్రంకు పెట్టె అడుగున పాత ఉర్దూ పత్రికలో చుట్టిపెట్టిన ఫోటోల గురించి మాత్రం ఎవరూ కూర్చోరు. అవి ఎవరి ఇంట్లో ఉంటే వారివే అవుతాయి. సాధారణంగా పెద్ద కొడుకు ఇంట్లో ఉంటాయి. పెళ్ళిళ్ళయి వెళ్ళిన ఆడపిల్లలు పండుగకు వచ్చినప్పుడు వాటిని ఒకసారి చూసుకుని, కొంగుతో కళ్ళు ఒత్తుకుని, మళ్ళీ పెట్టెలో పెట్టి వెళ్తారు.

కొన్నేళ్ళుగా ఈ పెట్టెలు బయటికి వస్తున్నాయి. చదువుకున్న మనుమడో మనుమరాలో సెలవుల్లో కూర్చుని ఫోటోలన్నిటినీ స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నారు. మంచి పనే. అయితే ఆ పని ముగిసిన రోజునే ఒక ప్రశ్న పుడుతోంది: ఇక ఈ కాగితాలను ఏం చేయాలి? ఫోటోల వెనుక ఉన్న ఉర్దూ రాతలు చదివించుకోవడానికి మా మదర్సాకు వచ్చే కుటుంబాలు ఈ ప్రశ్నను కూడా వెంట తెస్తున్నాయి. కాల్చమంటారా, కాలువలో వదలమంటారా, పాతిపెట్టమంటారా అని అడుగుతారు. కొందరికి అది ధర్మ సందేహం. కొందరికి అపార్ట్‌మెంటులో బీరువా చాలకపోవడమే సమస్య. ఇంకొందరికి మాత్రం పెద్దల ముఖాలను చేతులారా చింపలేని బెంగ. ఆ బెంగకు ఫత్వా పేరు పెట్టుకుని వస్తారు.

ధర్మ సందేహం సంగతి ముందు చూద్దాం. బొమ్మలున్న ఇంట్లోకి దైవదూతలు ప్రవేశించరన్న హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. బొమ్మలున్న తెరను దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఇష్టపడకపోవడం, ఆ తర్వాత హజ్రత్ ఆయిషా (రజి) దానిని కత్తిరించి దిండ్లుగా కుట్టడం కూడా ప్రామాణిక హదీసుల్లోనే ఉంది. కెమెరా తీసే చిత్రం ఈ ఆదేశాల కిందికి వస్తుందా రాదా అన్న విషయంలో ఉలమాల మధ్య నూరేళ్ళకు పైగా చర్చ నడుస్తోంది. ఈజిప్టు ముఫ్తీగా పనిచేసిన షేఖ్ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ, ఫోటో అనేది నీడను పట్టి నిలపడమేగాని సృష్టిని అనుకరించడం కాదని వాదించి అనుమతించారు. దేవ్‌బంద్ పండితుడు ముఫ్తీ ముహమ్మద్ షఫీ ఈ విషయంపై ప్రత్యేకంగా గ్రంథమే రాసి, అవసరం ఉన్నచోట తప్ప ఫోటో కూడా చిత్రమేనని తేల్చారు. మన తెలుగు జిల్లాల్లో ఉభయ అభిప్రాయాల వారూ ఉన్నారు. ఒకే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుని భోంచేసే అన్నదమ్ములలోనే ఉన్నారు. ఫోటోను గోడకెక్కించి, దండ వేసి, అగరొత్తులు వెలిగించే పద్ధతిని మాత్రం ఉభయులూ తిరస్కరిస్తారు. పెట్టెలో భద్రపరచిన ఫోటో విషయంలో ఏ ఇంటివారు ఏ ఆలిమ్‌ను నమ్ముకుంటే ఆయన మాట ప్రకారం నడుచుకోవడం క్షేమం. నా ఉస్తాదులు కఠినమైన పక్షానికి చెందినవారు. అయినా ఒక అభిప్రాయాన్ని అనుసరించే తమ్ముడు, మరో అభిప్రాయాన్ని అనుసరించే అక్క వాటాను చెప్పాపెట్టకుండా తగలబెట్టవచ్చునని వారెవరూ నాకు బోధించలేదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. తగలబెట్టడం ధర్మసమ్మతమా అని అడిగే ముందు, ఈ కాగితం నాదేనా అని అడగాలి.

తల్లిదండ్రులు, దగ్గరి బంధువులు విడిచి వెళ్ళిన దానిలో పురుషులకూ వాటా ఉంది, స్త్రీలకూ వాటా ఉంది, అది కొద్దిదైనా సరే, ఎక్కువైనా సరే అన్న భావాన్ని దివ్యఖుర్ఆన్ అన్నిసా సూరా 7వ ఆయతు స్పష్టం చేస్తుంది. తర్కా పంపకం పాఠం చెప్పేటప్పుడు మేము పిల్లలకు, మృతుడి జేబులోని సూది కూడా వారసులందరిదీ అని చెబుతాం. సూదికే ఆ లెక్క ఉంటే, అమ్మ ఫోటోకు ఉండదా? వెల కట్టలేం కాబట్టి దానిని లెక్కలోకి తీసుకోరు. వెల లేని వస్తువు ఎవరి చేతికి చిక్కితే వారిదైపోతుందన్నది మన బద్ధకం పుట్టించిన నియమం, షరీఅతు నియమం కాదు.

ఒక కుటుంబంలో జరిగిన సంగతి చెబుతాను. ఊరూ పేరూ అక్కరలేదు. తల్లి పోయాక పెద్దకొడుకు ఆల్బంలన్నీ శ్రద్ధగా స్కాన్ చేయించాడు. తోబుట్టువులందరికీ తలా ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. ఆ తర్వాత, ఇంట్లో చిత్రాలు ఉండకూడదన్న సదుద్దేశంతోనే, అసలు ఫోటోలను కాలువలో వదిలేశాడు. రెండు నెలల తర్వాత చెల్లెలు వచ్చి, హజ్ పాస్‌పోర్టు కోసం అమ్మ తీయించుకున్న ఫోటో కావాలని అడిగింది.

“పెన్‌డ్రైవ్‌లో ఉంది కదమ్మా, ఎన్ని కావాలంటే అన్ని ప్రింట్లు తీయించుకో” అన్నాడు అన్న.

“ముఖం నాకు గుర్తుంది భాయిజాన్. ఆ ఫోటో వెనుక అమ్మీ నాకోసం దుఆ రాసిచ్చింది. ఆ చేతిరాత కావాలి” అందామె.

వెనుక వైపు ఎవరూ స్కాన్ చేయలేదు. ఆ అన్న దుర్మార్గుడు కాడు, లోభి కాడు. బంగారం పంపకంలో చెల్లెళ్ళకు రూపాయి తక్కువ రానివ్వలేదు. అయినా ఆమె వారసత్వంలో మిగిలిన అతి విలువైన ముక్క ఆమెను అడగకుండానే నీళ్ళలో కలిసిపోయింది.

ఫోటో వెనుక భాగం గురించి కాస్త వివరంగా చెప్పాలి. అది నాకు బాగా పరిచయమైన ప్రదేశం. మన తాతల తరం ఉర్దూలో రాసింది. మన మనుమల తరం తెలుగు మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదువుతోంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు గాని అక్షరం రాదు. అందువల్ల స్కాన్ చేసే పిల్లవాడికి ఫోటో వెనుక ఉన్నది గీతల ముద్దలా కనిపిస్తుంది. వదిలేస్తాడు. ఆ ముద్దలోనే ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్న మూడు సమాధానాలూ ఉంటాయి. స్టూడియో ముద్ర ఉంటుంది. కొన్నిసార్లు ఒక షేర్, కొన్నిసార్లు అప్పు పద్దు కూడా ఉంటుంది. ఒక పెళ్ళి ఫోటో వెనుక బిర్యానీకి వాడిన బియ్యం లెక్క చదివాను. ఆ ఇంటివారికి పెళ్ళికొడుకు ముఖం కంటే ఆ లెక్కే ఎక్కువ సంతోషం కలిగించింది.

తేదీలలో ఒక మెలిక ఉంది, తెలుసుకోవడం మంచిది. నిజాం రాజ్యంలో, అంటే నేటి తెలంగాణ ప్రాంతంలో, మన పెద్దలు రెండు మూడు పంచాంగాలు వాడేవారు. 1352 అని రాసి ఉంటే అది హిజ్రీ అయితే క్రీస్తుశకం 1933–34 అవుతుంది. ఫస్లీ అయితే 1942–43 అవుతుంది. తొమ్మిదేళ్ళ తేడా! తొమ్మిదేళ్ళలో ఫోటోలోని ఉయ్యాలలో బిడ్డ అక్కో చెల్లెలో మారిపోతుంది. అంకె పక్కన ‘దో చష్మీ హే’ అక్షరం ఉంటే హిజ్రీ, ‘ఫే’ ఉంటే ఫస్లీ, హమ్జా గుర్తు ఉంటే క్రీస్తుశకం. అక్షరం చెరిగిపోతే నెల పేరు చూడాలి. రజబ్, షాబాన్, షవ్వాల్ అని ఉంటే హిజ్రీ సంవత్సరం. ఆజర్, బహ్మన్, ఖుర్దాద్, షహ్రీవర్ వంటి పేర్లుంటే అది హైదరాబాదు ఫస్లీ. దానికి 590 కలిపితే ఇంచుమించుగా క్రీస్తుశకం వస్తుంది. ఆ సంవత్సరం ఆజర్ నెలతో, అక్టోబరు మొదట్లో ఆరంభమయ్యేది కాబట్టి, ఏడాదిలో చాలా భాగానికి 591 కలపాలి. హిజ్రీకి ఇలా ఒకే అంకె కలిపితే కుదరదు. చాంద్రమాన సంవత్సరం దాదాపు పదకొండు రోజులు చిన్నది. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే దగ్గరగా వస్తుంది.

కాబట్టి స్కాన్ పని ముగిసిందని చెప్పే ముందు, వెనుక వైపు కూడా స్కాన్ అయిందా అని చూసుకోవాలి. ఉర్దూ చదవగల పెద్దను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ రాతను తెలుగు అక్షరాలలో ఎక్కించుకోవాలి. ఫైలుకు కెమెరా తగిలించిన అంకెను వదిలేయకుండా మనుషుల పేరు పెట్టాలి. పేరు పెట్టడం కూడా తేలిక కాదు. షేక్ అని మాత్రమే రాస్తే సగం ఊరు వచ్చి నిలబడుతుంది. తాత పేరే మనుమడికి పెట్టే ఇళ్ళలో ముగ్గురు అబ్దుల్ ఖాదర్లుంటారు. ఎవరి కొడుకు, ఏ ఊరు, ఏ పని అన్నది కలిపి రాస్తేనే ఆ పేరుకు అర్థం. ఈ పనికి ఇంట్లోని అతి వృద్ధులే ఆధారం. వారు ఉన్నప్పుడే చేయాలి. ముఖాలకు పేర్లు చెప్పగల ఆఖరి మనిషి ఖబ్రస్తాన్‌కు చేరాక ఆ ఆల్బంలో అందరూ అపరిచితులే.

ఇక కాగితం ఎంతకాలం నిలుస్తుంది, ఫైలు ఎంతకాలం నిలుస్తుంది అన్న ప్రశ్న. కంప్యూటర్‌లోకి ఎక్కింది కాబట్టి శాశ్వతమైపోయిందన్న భ్రమ చాలామందిలో ఉంది. స్టూడియోలో సరిగా కడిగిన నలుపు–తెలుపు ఫోటో నూరేళ్ళు దాటినా చెక్కుచెదరకుండా ఉండగలదు. మన ఇళ్ళలోనే సాక్ష్యాలున్నాయి. రంగుల ఫోటోలు అంత గట్టివి కావు. 1970లు, 80లలో తీయించిన రంగుల ఫోటోలు అనేకం ఎర్రబారిపోయాయి. వాటిలోని నీలి ఛాయ రంగు చీకట్లో ఉన్నా క్రమంగా నశిస్తుంది. ఇలాంటి వాటికి స్కాన్ నిజంగానే ప్రాణదానం. పేజీకి జిగురు పూసి పైన ప్లాస్టిక్ పొర కప్పే ఆల్బంలు అన్నిటికంటే హానికరం. ఆ జిగురు ఏళ్ళ తరబడి ఫోటోను తింటుంది. వాటిలోంచి లాగి పీకకుండా, పళ్ళ మధ్య శుభ్రం చేసుకునే సన్నని దారాన్ని ఫోటో వెనుకగా మెల్లగా నడిపించి విడదీయాలి.

ఫైలు సంగతి వేరు. పెళ్ళి సీడీలు ఇరవై ఏళ్ళు తిరగకుండానే మూగబోవడం మీ ఇంట్లోనే చూసి ఉంటారు. పెన్‌డ్రైవ్ దీర్ఘకాలం దాచడానికి తయారైన వస్తువు కాదు. దుబాయిలో ఉన్న కొడుకు గూగుల్ ఖాతాలో అన్నీ ఉన్నాయని నిశ్చింతగా ఉంటే, ఆ ఖాతాను రెండేళ్ళు ఎవరూ తెరవకపోతే తొలగించే హక్కు తమకుందని 2023 నుంచి ఆ సంస్థ నియమం పెట్టుకుంది. ఖాతాదారు అకస్మాత్తుగా అల్లాహ్ సన్నిధికి చేరితే పాస్‌వర్డు ఎవరికి తెలుసు? తన తర్వాత ఖాతాను ఎవరు చూడాలో ముందే నమోదు చేసే ఏర్పాటు అందులో ఉంది. వసీయతు రాసే అలవాటున్నవారు దీనినీ గుర్తుంచుకోవాలి. వాట్సాప్‌లో పంపిన ఫోటో కుదించుకుపోతుంది, కనుక దానిని అసలు ప్రతిగా లెక్కించకూడదు. స్కాన్ చేసేటప్పుడు మామూలు ఫోటోకు అంగుళానికి 600 చుక్కలు, పాస్‌పోర్టు సైజు ఫోటోకు 1200 చుక్కలు ఉండేలా చూసుకుని, ఆ ఫైళ్ళను మూడు ప్రతులుగా రెండు రకాల సాధనాలలో, కనీసం ఒకటి వేరే ఊళ్ళో ఉండేలా దాచాలి.

వేరే ఊళ్ళో అని ఎందుకంటున్నానో 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ వాసులకు తెలిసింది. రోజుల తరబడి నీళ్ళలో ఉన్న ఇళ్ళలో ట్రంకు పెట్టె, కంప్యూటర్ రెండూ ఒకే నీటిలో మునిగితే ఏది కాపాడుతుంది? తడిసిన ఫోటోలు దొరికితే ఒకదానినుంచి ఒకటి లాగకూడదు. మంచినీళ్ళలో మెల్లగా విడదీసి, బొమ్మ వైపు పైకి ఉంచి, నీడలో ఆరబెట్టాలి. వెంటనే ఆ పని చేసే వీలు లేకపోతే ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఫ్రిజ్‌లోని గడ్డకట్టే అరలో ఉంచితే కొంత గడువు దొరుకుతుంది. మామూలు రోజుల్లో అటక మీద, రేకుల కప్పు కింద, బాత్‌రూం పక్క గోడకు ఆనించి పెట్టకుండా ఉంటే చాలు. గాలిలో తేమ 65 శాతం దాటిన చోట బూజు పడుతుంది. సముద్ర తీరపు ఊళ్ళలో ఏడాదిలో చాలా నెలలు అలాగే ఉంటుంది.

ఇంతవరకూ కాగితం గురించే మాట్లాడుకున్నాం. నిజానికి స్కాన్ చేసిన తర్వాత మనం ఎక్కువ ఆలోచించవలసింది కాగితం గురించి కాదు, ప్రతి గురించి.

మన సమాజంలో ఫోటోకు, పరదాకు ఉన్న సంబంధం పాతదే. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా పేరొందిన రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. పరదా పాటించే స్త్రీల ఫోటోలు తీయడానికి అక్కడ ఒక ఆంగ్లేయ మహిళను నియమించారు. పరాయి పురుషుడి కంట పడకుండా ఫోటో తీయించుకునే ఏర్పాటు కోసం ఆనాటి కుటుంబాలు అంత పట్టింపు చూపాయి. ఫోటో తీసేటప్పుడు ఉన్న ఆ పట్టింపు తర్వాత కూడా కొనసాగింది. ఇంటి ఆవరణలో తీసిన ఆడవాళ్ళ ఫోటో నానీమా పెట్టెలో ఉండేది. పెట్టెకు తాళం ఉండేది. తాళంచెవి ఆమె కొంగు ముడిలో ఉండేది. ఎవరికి చూపాలో, ఎవరికి చూపకూడదో ఆమె నిర్ణయించేది. ఆ తాళం స్కాన్ చేసిన ప్రతికి లేదు.

ఒక వృద్ధురాలు, డెబ్బై దాటిన ఖాలా ఒకరు, తన పెళ్ళికి ముందు పెరట్లో అక్కచెల్లెళ్ళతో నిలబడి తీయించుకున్న ఫోటో ఉంది. తల మీద ఓణీ లేదు, జుట్టు ఆరబెట్టుకుంటున్నారు. ఆ తర్వాత ఐదు దశాబ్దాలుగా ఆమె పరదా పాటిస్తూ వచ్చారు. అక్క మనుమడు పెట్టెలో ఆ ఫోటో చూసి, ఎంత బాగుందోనని మురిసి, కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. గ్రూపులో అల్లుళ్ళున్నారు, అల్లుళ్ళ అన్నదమ్ములున్నారు, ఒకరిద్దరు వ్యాపార మిత్రులు కూడా ఎలాగో చేరి ఉన్నారు. మూడో రోజున అది ఎవరిదో స్టేటస్‌లో కనబడింది. ఖాలా ఎవరినీ తిట్టలేదు. “నేను బతికే ఉన్నాను కదా నాన్నా, ఒక్క మాట అడగలేకపోయావా?” అన్నారట. పంపిన సందేశాన్ని అందరి ఫోన్లలోంచి తొలగించే గడువు రెండున్నర రోజులు. అది దాటింది. దాటకపోయినా, అప్పటికే తమ ఫోన్‌లో దాచుకున్నవారి దగ్గర అది ఉండనే ఉంటుంది. కాగితం ఫోటోను ఆమె చేతికి తిరిగి ఇచ్చారు. ఆమె దానిని చింపలేదు, తన ముసల్లా కింద పెట్టుకున్నారు.

ఒక వ్యక్తి మాట్లాడుతూ చుట్టూ చూస్తే ఆ మాట అమానతు అవుతుందన్న భావం గల హదీసు అబూదావూద్, తిర్మిజీ సంకలనాలలో ఉంది. దాచమని నోటితో చెప్పనక్కరలేదు, ఆ చూపు చాలు. ఇంటి నాలుగు గోడల మధ్య, తనవారి ముందు నిలబడి తీయించుకున్న ఫోటో కూడా అటువంటి మాటేనని నేను భావిస్తాను. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని అన్నిసా సూరా 58వ ఆయతు ఆదేశిస్తోంది. ఫోటోలోని మనిషి బతికి ఉంటే హక్కుదారు ఆ మనిషే. మరణించి ఉంటే, జీవితమంతా తాను పాటించిన హద్దును మరణానంతరం వారసులు చెరపకూడదు.

ఈ దృష్టితో చూస్తే కొన్ని చిన్న విషయాలు పెద్దవవుతాయి. ఆల్బంను స్కానింగ్‌కు దుకాణంలో వదిలి వస్తాం. సాయంత్రం ఫోటోలు తిరిగి వస్తాయి, ఆ దుకాణం కంప్యూటర్‌లోని ప్రతులు అక్కడే ఉంటాయి. స్త్రీల ఫోటోలున్న పేజీలను ఇంట్లోనే, ఇంటి ఆడపిల్లలే స్కాన్ చేయడం ఉత్తమం. తప్పనిసరై దుకాణానికి వెళ్తే పక్కన కూర్చుని, పని ముగిశాక ఫోల్డరును, చెత్తబుట్టనూ ఖాళీ చేయించి రావాలి. ఉచితంగా దొరికే యాప్‌లలో పాత ఫోటోను ఎక్కించి రంగులద్దడం, దాదాజాన్ కళ్ళు ఆర్పినట్లు, నవ్వినట్లు కదిలించడం ఇప్పుడు పిల్లలకు ఆట అయింది. మాటలు కూడా పలికిస్తున్నారు. చనిపోయిన మనిషి నోట అతడు అనని మాట పెట్టడం నాకు తప్పుడు సాక్ష్యంలాగే తోస్తుంది. పైగా ఆ యాప్‌కు అప్పగించిన ముఖం ఏ దేశపు కంప్యూటర్‌లో నిలిచిపోతుందో అప్పగించినవారికి తెలియదు.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం: కాగితాలను ఏం చేయాలి? ముస్లిముల వ్యవహారాలు పరస్పర సంప్రదింపులతో నడుస్తాయని ఖుర్ఆన్ అష్షూరా సూరాలో ప్రశంసించింది. పొలం కోసం కూర్చున్నట్లే ఫోటోల కోసం ఒక పూట కూర్చోవాలి. జిద్దాలో ఉన్నవారు ఫోన్ ద్వారా కూర్చోవచ్చు. అందరి ముందూ ఫోటోలు పరిస్తే సగం చిక్కు దానంతట అదే విడిపోతుంది. ఒకే పెళ్ళివి నలభై ఉంటాయి, మసకబారినవి, తల తెగినవి ఉంటాయి, వాటి గురించి ఎవరూ పోట్లాడరు. ఫోటోలో ఉన్న మనిషి బతికి ఉంటే ఆ ఫోటో ముందుగా వారి చేతికి వెళ్ళాలి. దాచుకుంటారో చింపుతారో వారి ఇష్టం. మిగిలిన వాటిలో ఒకే ఒక్కటిగా ఉన్నవి, వెనుక రాత ఉన్నవి, ఊరి మసీదు పాత కట్టడమో, బొంబాయి రేవులో హజ్ ఓడ ఎక్కుతున్న తాతయ్యో కనిపించేవి అట్టే పెట్టదగినవని నా అభిప్రాయం. ఓడలో హజ్ యాత్ర మన దేశం నుంచి 1995తోనే ఆగిపోయింది. ఆ ప్రయాణం ఎలా ఉండేదో రేపటి పిల్లలకు చెప్పగలిగేవి అటువంటి కాగితాలే.

ఒకే ఫోటోను ఇద్దరు కోరితే? ఫిఖహ్‌లో తఖారుజ్ అనే పద్ధతి ఉంది. ఒక వారసుడు ఫలానా వస్తువు తీసుకుని, మిగిలిన దానిపై హక్కు వదులుకునేందుకు అందరూ సమ్మతించడమే అది. అమ్మ చేతిరాత ఉన్న ఫోటో ఒక చెల్లెలికి, నాన్న నిఖా ఫోటో ఒక తమ్ముడికి వెళ్ళవచ్చు. వారసులలో చిన్నపిల్లలుంటే మాత్రం వారి తరఫున పెద్దలు ఉదారంగా వదులుకోవడం చెల్లదు. వారు యుక్తవయసుకు వచ్చేవరకు దాచి ఉంచాలి. అన్నిసా సూరా 8వ ఆయతు, వాటా లేని బంధువులు పంపకం వేళ వస్తే వారికీ కొంత ఇచ్చి మంచిగా మాట్లాడమంటుంది. వాటా లేని మేనల్లుడు వచ్చి తన తల్లి చిన్ననాటి ఫోటో అడిగితే ఒక ప్రతి ఇవ్వడానికి మనకు పోయేదేముంది?

కొందరు వారసులు చిత్రాలేవీ ఉంచుకోమంటారు. వారిని బలవంతపెట్టకూడదు. ఉంచుకోదలచిన తోబుట్టువుకు అప్పగించి తాము తప్పుకోవచ్చు. ఎవరూ కోరనివి, అందరూ వద్దనుకున్నవి నాశనం చేయడమే సరి. అదీ మర్యాదగా జరగాలి. పాత కాగితాలవాడికి వేస్తే మన ఇంటి ఆడపిల్ల ముఖం రేపు పల్లీల పొట్లంగా బజారులో తిరుగుతుంది. కాలువలో వేస్తే ఏ గట్టునో తేలుతుంది. ముందుగా వెనుక వైపు చూసి, అల్లాహ్ నామమో, బిస్మిల్లాహ్ అనో రాసి ఉంటే ఆ భాగాన్ని కత్తిరించి వేరుగా, శుభ్రమైన చోట పాతిపెట్టాలి. మిగిలిన దానిని సన్నగా ముక్కలు చేసి, ముఖం గుర్తుపట్టడానికి వీల్లేకుండా చేశాకనే పారవేయాలి. రంగుల ఫోటోలపై ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఇంటి పొయ్యిలో వేసి కాలిస్తే ఆ పొగ పిల్లల గొంతులకు మంచిది కాదు. కాగితం ముక్కలైనప్పుడు దాని ప్రతి సంగతి కూడా తేల్చాలి. ఖాలా తన ఫోటోను చింపేస్తే, పెన్‌డ్రైవ్‌లలోనూ ఫోన్లలోనూ ఉన్న ఆ ఫోటో కూడా పోవాలి. లేకపోతే ఆమె చేతిలో చిరిగింది ఒక కాగితం మాత్రమే.

చివరికి ఒక కవరు మిగులుతుంది. ఎవరో తెలియని మనుషులు. ఎవరి పెళ్ళికో వచ్చిన అతిథులు, ఎవరి ఒడిలోనో ఉన్న బిడ్డలు. వీటిని వెంటనే పారవేయవద్దని నా సలహా. నాకు తెలిసిన ఒక ఇంట్లో ఆ కవరును రంజాన్ పండుగ రోజున సేవయ్యాలు తిన్నాక బయటికి తీస్తారు. ఆడవాళ్ళ ఫోటోలు ఆడవాళ్ళ గదిలో, మగవాళ్ళవి బయట వరండాలో చేతులు మారతాయి. దూరపు ఊరి నుంచి వచ్చిన ఫుప్పమ్మ కళ్ళద్దాలు సవరించుకుని ఒక్కొక్కటే చూస్తారు. కిందటేడు రెండు ముఖాలకు పేర్లు దొరికాయి. ఆ రెండింటినీ తీసి వేరే కవరులో పెట్టి, పైన తెలుగులోనూ ఉర్దూలోనూ పేర్లు రాసి, ఒక ఫోటోను నంద్యాలకు, ఇంకొకదానిని నెల్లూరుకు పంపించారు. కవరులో ఇంకా పదకొండు ఉన్నాయి.